జవాబు దిగి వచ్చేదాకా

డాక్టర్ హిమజకు కొండమీది పేషెంట్లతో ఒకటే చిక్కు. వాళ్ళు మాట్లాడరు.

విశాఖలో ఒక పెద్దాసుపత్రి మేడ మీద, గొడుగును తిరగేసి పెట్టినట్టు ఒక డిష్షు ఉండేది. అలాంటిదే ఇంకొకటి, కాస్త చిన్నది, మన్యంలో జాకరపుట్టు అనే ఊరి ఆరోగ్యకేంద్రం పక్కన గుమ్మడిపాదును ఆనుకుని ఉండేది. ఆ ఊరికి రోడ్డు సగం, కరెంటు సగం, ఫోను సిగ్నలు సున్నా. ఆకాశం మాత్రం పూర్తిగా ఉంది. ఆ ఆకాశంలో ముప్పయ్యారు వేల కిలోమీటర్ల ఎత్తున ఒక ఉపగ్రహం ఉండి, ఈ డిష్షు మాట ఆ డిష్షుకీ, ఆ డిష్షు మాట ఈ డిష్షుకీ చేరవేసేది. దాని పుణ్యమా అని జాకరపుట్టు చుట్టుపక్కల వాళ్ళు కొండ దిగకుండానే తెర మీద డాక్టరుకు కష్టం చెప్పుకునేవాళ్ళు. వారానికి రెండు రోజులు, రోజుకు ఒక గంట.

ఆ గంట హిమజది. కాన్పుల వైద్యంలో కిందటేడే పైచదువు పూర్తి చేసింది. తెలివికి గానీ, కష్టపడే గుణానికి గానీ వంక పెట్టలేం. కాకపోతే ఆ పిల్లకు కాళ్ళకే కాదు, నాలిక్కి కూడా చక్రాలే. ఒక ప్రశ్న నోటి నుంచి పూర్తిగా బయటపడక ముందే రెండోది గుమ్మంలో నిలబడి ఉండేది. అయినా ఆమెను మాత్రం ఏమనగలం? కొండమీద చూస్తే బారెడు క్యూ. గంట అయ్యేసరికి లైను కట్టయిపోతుంది. పరుగెత్తక ఏం చేస్తుంది పాపం!

ఆమెకు పని నేర్పిన గురువు డాక్టర్ కూర్మారావు. ఆ జిల్లాలో సగంమంది ఆయన చేతుల్లోనే మొదటిసారి ఏడ్చారని చెప్పుకునేవాళ్ళు. మనిషి మహా నిదానం. ఆయన రౌండ్సుకు బయల్దేరితే వెనక నడిచేవాళ్ళకు కాళ్ళు పీకేవి. పేరుకు తగ్గ తాబేలని జూనియర్లు చాటున నవ్వుకునేవాళ్ళు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసినా నడక మార్చుకోలేదు.

ఒకరోజు హిమజ ఆయన గదికి వెళ్ళి మొర పెట్టుకుంది.

"వాళ్ళకు నా మాట అర్థం కాదో, నేనంటే భయమో తెలీదు సార్. అడిగితే ఊఁ అంటారు, లేదంటారు. లేకపోతే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటారు. ఒక్కోసారి ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఇద్దరం ఒకేసారి ఆగిపోతాం. ఆ లైను మార్పించండి సార్. ఇంకా వేగంగా పనిచేసేది ఏదైనా ఉంటుంది కదా!"

"రేపు నేనూ వచ్చి కూర్చుంటాను," అన్నాడు కూర్మారావు.

మర్నాడు ఆయన అన్నట్టే వచ్చి, కెమెరాకు కనపడకుండా హిమజ వెనక స్టూలు మీద కూర్చున్నాడు.

ముగ్గురు నలుగురు వెళ్ళాక తెర మీదికి వంతల చిలకమ్మ వచ్చింది. ఎనిమిదో నెల. కొండ అవతలి ఊరి నుంచి అత్తగారిని వెంటబెట్టుకుని నడిచొచ్చింది. ఆమె పక్కన నర్సు సుగుణ నిలబడింది.

"తలనొప్పి ఏమైనా ఉందా చిలకమ్మా?" అని అడిగింది హిమజ.

చిలకమ్మ కదల్లేదు.

లేదన్నమాట, అనుకుంది హిమజ. "తిండి సరిగ్గా తింటున్నావా?"

"ఊఁ," అంది చిలకమ్మ.

"మంచిది. కళ్ళు మసకబారడం లాంటివి ఉన్నాయా?"

"నేదు."

"బిడ్డ కదులుతోందా?"

"ఊఁ."

"వెరీ గుడ్. సిస్టర్, బీపీ ఎంతుంది?"

"కొంచెం ఎక్కువే మేడమ్. కాళ్ళకు వాపు కూడా ఉంది. అంత దూరం నడిచొచ్చింది కదా, అందుకేనేమో."

"అంతే అయ్యుంటుంది. విశ్రాంతి తీసుకోమనండి. రెండు వారాల తర్వాత మళ్ళీ చూద్దాం. తర్వాత ఎవరు?"

చిలకమ్మ కుర్చీలోంచి లేచింది. లేస్తూ ఏదో అనబోయింది. అప్పటికే తర్వాతి పేరు పిలిచేశారు.

"ఆ అమ్మాయిని కూర్చోమను," అన్నాడు వెనక నుంచి కూర్మారావు.

హిమజ ఆశ్చర్యంగా వెనక్కి చూసి, సుగుణకు చెప్పింది. చిలకమ్మ మళ్ళీ కూర్చుంది.

"మొదట ఏం అడిగావో అదే మళ్ళీ అడుగు."

"తలనొప్పి ఉందా చిలకమ్మా?" అంది హిమజ.

అలా అందో లేదో, కూర్మారావు చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. పొడిదగ్గుకని ఎప్పుడూ దగ్గరుంచుకునే పటికబెల్లం. అందులోంచి నిమ్మకాయంత ముక్క ఏరి హిమజ నోట్లో పెట్టేశాడు.

"కరిగాక రెండోది అడుగు," అన్నాడు.

హిమజకు మింగాలో కక్కాలో తోచలేదు. ఆమె మాట కొండలు దాటి, మబ్బులు దాటి ఆకాశానికి ఎక్కి, జాకరపుట్టులో దిగింది. దానికి పట్టింది రెప్పపాటే. ఆ తర్వాత కూడా చిలకమ్మ ఊరుకునే ఉంది. హిమజ ప్రాణం ఉసూరుమంటోంది. "చెప్పమ్మా" అందామన్నా నోరు ఖాళీ లేదు. అంత డాక్టరమ్మ ఒక బుగ్గ ఉబ్బేసుకుని, బడిలో దొరికిపోయిన పిల్లలా గుడ్లప్పగించి చూస్తోంది. తెర మీద చిలకమ్మకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ కొంగు తీశాక, నెమ్మదిగా నోరు విప్పింది.

"ఉందమ్మా. నాలుగు దినాల బట్టి నొప్పెడతంది. నుదుట సుత్తెట్టి కొడతన్నట్టుంటాది. ఇందాకా ఉందనే సెప్పేను."

హిమజ బుగ్గలో బెల్లం బుగ్గలోనే ఉండిపోయింది.

ఇందాకటి "ఊఁ" తిండికి కాదు. తలనొప్పికి. ఆ జవాబు పైకెక్కి కిందికి దిగేలోపు తను రెండో ప్రశ్నకు వెళ్ళిపోయింది. అయితే "నేదు" అన్నది తిండికి. మరి ఆ ఆఖరి "ఊఁ"?

ముక్కను గబుక్కున అరచేతిలోకి ఊసి, "కళ్ళు మసకబారుతున్నాయా తల్లీ?" అని అడిగి, ఈసారి ఎవరూ పెట్టకుండానే మళ్ళీ నోట్లో వేసుకుంది.

చిలకమ్మ పక్కనున్న ముసలమ్మను చూసింది. తలొంచుకుంది. "పొద్దున్న మా అత్త రెండుగా కనపడిందమ్మా. సెపితే నవ్వుతారని ఊరుకున్నాను."

ఆ తర్వాత హిమజ నిజంగానే పరుగెత్తాల్సి వచ్చింది. బీపీ మళ్ళీ చూడమంది. కూర్చుని సేద తీరినా తగ్గకపోగా పెరిగింది. మూత్రం పరీక్షలో కూడా అనుకున్నదే తేలింది. రెండు వారాలు కాదు, రెండు రోజులు ఆగినా మూర్ఛ వచ్చి తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కని పరిస్థితి. ఏ ఇంజెక్షను ఎంత ఇవ్వాలో తెర మీంచే సుగుణకు చెప్పి, పక్కన నిలబడి చూస్తున్నట్టే ఇప్పించింది. అంబులెన్సు మాట్లాడింది. సాయంత్రానికి చిలకమ్మ ఘాట్‌రోడ్డు దిగి విశాఖ చేరింది. ఆపరేషను చేస్తే ఆడపిల్ల పుట్టింది. తల్లికి గండం గడిచింది. పిల్ల మరీ చిన్నది కాబట్టి పై అంతస్తులో అద్దాలపెట్టెలో పెట్టారు.

థియేటరు బయట చేతులు కడుక్కుంటూ హిమజ ఏడ్చేసింది.

"పంపేసేదాన్ని సార్. మీరు లేకపోతే ఇంటికి పంపేసేదాన్ని."

కూర్మారావు కుళాయి కట్టేసి తువ్వాలు అందించాడు. "పంపలేదు కదమ్మా," అన్నాడు.

మర్నాడు తెర ముందు గంటలో కొండమీది వాళ్ళు కొత్త హిమజను చూశారు. ఒక ప్రశ్న అడిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. జవాబు మొత్తం దిగేదాకా కదిలేది కాదు. సుగుణకైతే లైను పోయిందేమోనని రెండుసార్లు అనుమానం వచ్చింది. చిక్కు విడిపోయిందని హిమజ సంబరపడింది. ఆలస్యం ఆ ఉపగ్రహానిది, దానికి మందు కాస్త ఓపిక, అంతే కదా అనుకుంది.

కాన్పయిన మూడో రోజు పొద్దున్న గురువుగారి వెంట వార్డులో రౌండ్సుకు వెళ్ళింది. చిలకమ్మ మంచం దగ్గర ఆగారు.

"కుట్ల నొప్పి తగ్గిందా చిలకమ్మా? బీపీ దిగిందిలే, ఇంక భయం లేదు. పాప కూడా బాగుంది," అని నవ్వుతూ భుజం తట్టి పక్క మంచానికి వెళ్ళింది హిమజ.

వెళ్ళి చూసుకుంటే గురువుగారు పక్కన లేరు. చిలకమ్మ మంచం దగ్గరే నిలబడి ఉన్నారు.

హిమజ వెనక్కి వచ్చింది. ఆయనకు మాత్రమే వినపడేలా, "సార్, ఇక్కడ మధ్యలో ఉపగ్రహం లేదు కదా," అంది.

"లేదు," అన్నాడు కూర్మారావు. "దూరం ఉంది."

హిమజ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"నాకేమైనా చెప్పాలా చిలకమ్మా?"

చిలకమ్మ దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటోంది. చుట్టింది విప్పుతోంది. అవతల ఎవరో మందులకోసం నర్సును పిలుస్తున్నారు. హిమజకు ఈసారి నోట్లో ఏమీ లేదు. అయినా ఊరుకుంది.

"డాట్రమ్మా," అంది చిలకమ్మ చివరికి. "పాప నిజంగా ఉందా?"

హిమజకు వెంటనే అర్థం కాలేదు.

"తొలి కాన్పప్పుడూ ఇలాగే అన్నారమ్మా. బాగుంది, అద్దాలపెట్టెలో ఉంది అన్నారు. మా అత్త కూడా అదే అంది. ఇంటికెళ్ళీదాకా ఎవులూ సెప్పనేదు."

మూడు రోజులుగా వచ్చిపోయిన ప్రతివాళ్ళూ ఆమెకు పాప బాగుందనే చెప్పారు. హిమజ అయితే రోజుకు రెండు పూటలా చెప్పింది. చెప్పినప్పుడల్లా ఆ తల్లి చెవికి అది పోయిన తొలి బిడ్డ కబురులాగే వినపడి ఉంటుంది.

ఉంది, నన్ను నమ్ము అనలేదు. లేచి వెళ్ళి చక్రాల కుర్చీ తనే తోసుకొచ్చింది. చిలకమ్మను మెల్లగా దించి కూర్చోబెట్టి, సెలైను సీసా ఒక చేత్తో పట్టుకుని, లిఫ్టులో పై అంతస్తుకు తీసుకెళ్ళింది. అద్దాలపెట్టెకున్న గుండ్రటి తలుపు తీసి, ఆ పిల్లదాని అరచేతిలో తల్లి వేలు పెట్టించింది.

గోరింటాకు ముద్దంత పిడికిలి. దాంతోనే ఆ వేలిని పట్టేసుకుంది.

చిలకమ్మ పెట్టె అద్దానికి నుదురు ఆనించుకుంది. చూస్తూనే ఉంది.

కింద రౌండ్సు మిగిలిపోయిందని నర్సు ఒకామె తలుపు దగ్గరకొచ్చి పిలిచింది. హిమజ వెనక్కి తిరగలేదు. ఆగమన్నట్టు చెయ్యి మాత్రం ఎత్తింది.