ఆలస్యంగా వచ్చిన ఇద్దరు

ముందు చూసింది చెప్పండి. మీ ఆఫీసులో ఎవరి కుర్చీ నెలల తరబడి ఖాళీగా ఉన్నా ఎవరూ అడగరు? ఎవరి కుర్చీ ఒక్కపూట ఖాళీ అయితే గోలవుతుంది? న్యాయం తరువాత మాట్లాడదాం.

బంగారయ్య మాస్టారు ఎవరినైనా ఇలాగే నిలదీసేవారు. జనపనార మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసి, సమ్మెల్లో రెండుసార్లు జైలుకు వెళ్లిన మనిషి. ఆదివారం సాయంత్రాలు సైకిల్ షాపు మీది గదిలో కార్మిక చట్టాలు చెప్పేవారు. అక్కడ నియమం ఒకటే: ఆరు దాటి వచ్చినవాళ్లు క్లాసు అయ్యేదాకా నిలబడాలి.

ఆ ఆదివారం ఫణిభూషణ్ ఆరుంపావుకు వచ్చాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. గోడ వైపు వెళ్లబోతుంటే మాస్టారు చాప మీద చోటు చూపించి, "రావయ్యా ఫణీ, కూర్చో" అన్నారు. కూర్చోగానే, వారం రోజులుగా మనసును తొలిచేస్తున్నది అడిగేశాడు.

"మాస్టారూ, వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు రావాలని రూలు. మా టీములో రెజీనా అనే అమ్మాయి రెండు రోజులే వస్తోంది. వాళ్ల నాన్నకు డయాలిసిస్. రేపు ఆమెను ఉద్యోగంలోంచి తీసేసే ఉత్తరం మీద నేను సంతకం పెట్టాలి. రూలు అందరికీ ఒకటే కదా, ఇందులో నా తప్పేముంది?"

"రానివాళ్లు ఇంకెవరూ లేరా?"

"విక్రాంత్ ఉన్నాడు. నాలుగు నెలలుగా అరకులోనే ఉండి పనిచేస్తున్నాడు. పైవాళ్లకు కావలసినవాడు. అది వేరే సంగతి లెండి."

మాస్టారు పుస్తకం తెరిచి గంటసేపు పాఠం చెప్పారు. ఫణి శ్రద్ధగా రాసుకున్నాడు. చివర ఆయన కళ్లజోడు తీసి, "ఇవాళ ఎవరు నిలబడ్డారో చూశావా?" అని అడిగారు.

ఫణి వెనక్కి తిరిగాడు. గోడకు ఆనుకుని పైడమ్మ ఉంది. ఆసుపత్రిలో ఆయా. డ్యూటీ దిగి, రెండు బస్సులు మారి వస్తుంది.

"ఆమె ఐదు నిమిషాలు ఆలస్యం. నువ్వు పదిహేను."

ఫణి ముఖం కందిపోయింది. "మీరే కదా కూర్చోమన్నారు!"

"అన్నాను. ఎందుకని ఒక్కసారైనా అడిగావా?"

పైడమ్మ ఊరుకోలేదు. "బాగుంది మాస్టారూ! బాబుకి పాఠం చెప్పడానికి నా కాళ్లే దొరికాయా మీకు?"

మాస్టారు గోడ పట్టుకుని కష్టంగా లేచారు. "తప్పే తల్లీ. నిన్ను వాడుకుని, నీకొక మాటైనా చెప్పలేదు" అని ఆమెను తన చోట కూర్చోబెట్టి, తాను నిలబడ్డారు.

ఫణి కూడా లేచాడు. "అయితే ఆ ఉత్తరం ఇవ్వొద్దంటారా?" అన్నాడు.

"దాని మీద సంతకం ఎవరిది?"

"నాదే."

"మరి నన్నెందుకు అడుగుతావు?"

ఫణి తలవంచుకుని మెట్లు దిగిపోయాడు. అతని సంగతి అలా ఉంచండి. ఆ సంతకం మీదైతే, రేపు పొద్దున్న పెడతారా?