ఊడిన పోగు

అనగనగా ఒక అడవిలో, ఎండాకాలం ఎండిపోయి వానాకాలం పొంగే వాగు ఒకటి ఉండేది. ఆ వాగు మీదికి వంగి ఒక ఈతచెట్టు. దాని నిండా గిజిగాళ్లే. మీకు తెలుసో లేదో, గిజిగాళ్లలో గూడు అల్లేది మగపిట్ట. సగం అల్లి, రెక్కలాడించి, వచ్చి చూడండమ్మా అని పిలవాలి. ఆడపిట్ట వచ్చి లోపల దూరి, ముక్కుతో పోగులు లాగి చూస్తుంది. నచ్చితే కాపురం పెడుతుంది. నచ్చకపోతే ఎగిరిపోతుంది. మొహమాటాలేమీ ఉండవు.

ఆ చెట్టు మీద పసుపన్న అనే కుర్ర గిజిగాడు ఉండేవాడు. మంచివాడు, పనిమంతుడు. కానీ వాడికొక జబ్బు ఉంది. తన పనిలో చిన్న తప్పు దొర్లితే చాలు, తనను తానే తిట్టుకునేవాడు. ఆ తిట్లు మీరు పక్కింటి పిల్లల్ని తిడితే నేను ఊరుకుంటానా? వాడు మాత్రం రోజూ తననే తిట్టుకునేవాడు.

ముసురు పట్టేలోగా గూడు సిద్ధం కాకపోతే ఆ ఏడు గూట్లో పిల్లలు లేనట్టే. తోటివాళ్ల గూళ్లు ఒక్కొక్కటీ నిండుతున్నాయి. పసుపన్న రెల్లు ఆకులు చీల్చి తెచ్చి గూడు మొదలుపెట్టాడు. అల్లిక సగానికి వచ్చేసరికి ఒక ముడి జారింది.

"నేనొక దద్దమ్మను. ముడి వేయడం కూడా రాదు నాకు" అని, గూడు మొత్తం పీకి కింద పారేశాడు.

మళ్లీ మొదలుపెట్టాడు. గూడు గాలికి ఊగకుండా లోపల తడిమన్ను అద్దుతుంటే ఒక ముద్ద జారి పడిపోయింది. వాగు ఒడ్డున మన్నుకేం కరువు? ఇంకో ముద్ద తెచ్చుకుంటే సరిపోయేది. వాడు మాత్రం మళ్లీ తిట్టుకున్నాడు, మళ్లీ పీకేశాడు.

చెట్టు కింద ఇసుకలో ఒక ముసలి తీతువు పిట్ట ఉండేది. అందరూ తీతువత్త అనేవారు. ఆమెకు గూడు కట్టే బాధే లేదు, గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టుకుని పొదుగుతుంది. పసుపన్న పీకిన పోగులన్నీ వచ్చి ఆమె నెత్తిన పడ్డాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది వీడి వరస అని ఆమె గొణుక్కుంది.

మర్నాడు పెద్ద గాలి వీచింది. పక్క మట్ట మీద బుల్లెన్న అనే ఇంకో గిజిగాడు అల్లుకున్న గూడు ఒక వైపు ఊడి వేలాడింది. బుల్లెన్న కూలబడి ఏడుపు మొదలుపెట్టాడు. పసుపన్న ఒక్క ఉదుటున వాడి దగ్గరికి వెళ్లాడు.

"ఊరుకోరా. పైముడి ఒక్కటే వదులైంది. మిగతా అల్లిక ఎంత బాగుందో చూడు. పట్టు, ఇద్దరం కలిసి బిగిద్దాం" అన్నాడు. కాసేపటికే గూడు నిలబడింది.

తీతువత్త ఇదంతా చూసి పసుపన్నను కిందికి పిలిచింది.

"ఒరే, బుల్లెన్నను దద్దమ్మ అని ఎందుకు తిట్టలేదురా?" అని అడిగింది.

"అదేమిటత్తా? పాపం, ఎంత కష్టపడ్డాడు! అలా అంటే వాడికి ఇంక పని చేయబుద్ధేస్తుందా?"

"మరి నువ్వు కష్టపడలేదూ?"

పసుపన్నకు ఎక్కడలేని ఏడుపూ వచ్చింది. తన మీద తనకు జాలి కలగడం అదే మొదటిసారి. తీతువత్త వాడిని తనివితీరా ఏడవనిచ్చింది. తర్వాత, ముందు వెళ్లి కడుపునిండా తినమని, ఆకలి మీద ఏ ముడీ సరిగా పడదని చెప్పి పంపింది.

వాడు తిని వచ్చి మూడో గూడు మొదలుపెట్టాడు. ఆకాశం నిండా నల్లటి మబ్బులు కమ్ముకున్నాయి. గూడు సగం అయిందనగా ఒక ఉడుత పరుగెత్తుకుంటూ వచ్చి, కాలు తగిలి ఒక పక్క చింపేసి పోయింది. పసుపన్న నోటిదాకా పాత తిట్టే వచ్చింది. ముక్కు పీకడానికి వెళ్లింది. కానీ అక్కడే ఆగాడు. బుల్లెన్నకైతే ఏం చెప్పేవాణ్ణి అని ఆలోచించాడు.

"పరవాలేదురా పసుపన్నా. ఒక పక్కే చిరిగింది. అదొక్కటి వేద్దాం" అని తనతో తానే అన్నాడు. కొంచెం సిగ్గేసింది. ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసి, చిరిగిన చోట మాసిక వేశాడు. నిజం చెప్పాలంటే గూడు అంత అందంగా ఏమీ రాలేదు. ఒక పక్క కాస్త ఉబ్బి బొర్ర వచ్చింది.

తొలి చినుకులు పడుతుండగా చింతాలు అనే ఆడపిట్ట వచ్చి వాలింది. లోపల దూరి చూసింది. ముక్కుతో ఒక పోగు పట్టి గట్టిగా లాగింది. పోగు ఊడి వచ్చేసింది. చెట్టు మీద పిట్టలన్నీ ఊపిరి బిగబట్టి చూశాయి. ఇంక వీడు గూడు పీకేస్తాడని అందరికీ తెలుసు.

"ఊడింది. ఉండు, ఇప్పుడే వేస్తాను" అన్నాడు పసుపన్న. నెమ్మదిగా వేశాడు. చింతాలు ఎగిరిపోలేదు.

ఈ బొర్ర గూడు నీకు నచ్చిందా అని వాడు నమ్మలేక అడిగాడు.

"నువ్వు గూళ్లు పీకేయడం ఎదురు మట్ట మీది నుంచి చూశాను. గుడ్లు పెట్టాక ఒక పోగు ఊడితే అప్పుడూ అలాగే పీకేస్తావేమోనని భయపడి ఇటు రాలేదు. ఇవాళ ఆ పోగు కావాలనే లాగాను" అంది చింతాలు.

ముసురు పట్టింది. గాలికి పోగులు ఊడుతూనే ఉన్నాయి, పసుపన్న వేస్తూనే ఉన్నాడు. ఒకరోజు అలవాటుగా 'దద్దమ్మను' అనేశాడు. అలా అన్నందుకు మళ్లీ తిట్టుకోలేదు, నవ్వుకుని పోగు అందుకున్నాడు. వాన వెలిసిన పొద్దున ఆ బొర్ర గూట్లోంచి చిన్న చిన్న ముక్కులు బయటికి వచ్చి మేత అడిగాయి.

నీతి: తప్పు జరిగినప్పుడు స్నేహితుడికి చెప్పే మంచిమాట మనకూ చెప్పుకోవాలి. ఊడింది ఒక్క పోగైతే, వేయాల్సిందీ ఒక్క పోగే.