గవర్రాజు గారి లోతు

ముందు మీరేం చూశారో చెప్పండి.

పుష్యమాసం, పొద్దున ఏడు గంటల వేళ. గోదావరి పాయ మీద మంచు ఎంత దట్టంగా దిగిందంటే నీళ్ళు ఎక్కడ ఆగాయో, గాలి ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఆ తెల్లదనంలో ఒక పొడుగాటి ఆవిడ నీళ్ళకు అడ్డంగా నడుస్తోంది. ఆమె కుడి చేతికి ఒక తువ్వాలు కొస చుట్టి ఉంది. రెండో కొస వెనక్కి, మంచులోకి పోయింది. తువ్వాలు బిగుసుకుని ఉంది. అవతల బరువేదో ఉంది. ఆవిడ ఆ బరువును లాక్కుంటూ, పళ్ళు బిగించి, ఒక్కో అడుగూ వేస్తోంది.

ఏం చూశారు? ఒక అక్క తన తమ్ముణ్ణి ఏరు దాటిస్తోంది, అంతే కదా. నేనూ అంతే చూశాను. చూసి, ఇలాంటి అక్క ఎంతమందికి ఉంటుందని మనసులో మెచ్చుకున్నాను. ఆ మెప్పు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా లంకలో నూకరాజు గారని ఒక గురువు ఉండేవారు. నలభై ఏళ్ళు పడవ నడిపి, చూపు మందగించాక పడవ వదిలేశారు గాని గెడకర్ర వదల్లేదు. రేవులోనే పాక వేసుకుని సాయంత్రాలు తత్వాలు పాడేవారు. ఆయన శిష్యులమని చెప్పుకునేవాళ్ళం ఓ పదిమందిమి ఉండేవాళ్ళం. ఆయనకొక అలవాటు. ఒడ్డున కూర్చుని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. "నీకు అవతల పనుందా?" అని అడుగుతారు. పనుందంటే, "అయితే దాటేటప్పుడు చూద్దాంలే" అంటారు. చాలామంది అవతలి ఒడ్డు చేరేసరికి తాము అడిగింది మరిచిపోయేవారు. మరిచిపోనివాళ్ళకే అది నిజమైన ప్రశ్న అని ఆయన లెక్క.

ఆ ఏడు ఆయన్ను అడిగింది మంగతాయారు. అరవై రెండేళ్ళ మనిషి. మా లంకలో మగవాళ్ళ కంటే కూడా పొడుగు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నది ఒక్క తమ్ముడు, గవర్రాజు. చిన్నప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి బతికి బయటపడ్డాడు గాని బుద్ధి అక్కడే ఆగిపోయిందని అందరూ అనేవారు. కాళ్ళు కూడా వంకర తిరిగి ఎదగలేదు. నలభై నాలుగేళ్ళు వచ్చినా అక్క మోచేతి దాకానే వస్తాడు. ఊరంతా అతన్ని చంటీ అని పిలిచేది. గురువుగారు ఒక్కరే గవర్రాజు గారూ అనేవారు. గవర్రాజు పగలంతా రేవులోనే ఉండేవాడు. పడవ ఒడ్డుకు వస్తుంటే తాడు అందుకుని గుంజకు కట్టేవాడు. బాటసారులకు కుండల్లో నీళ్ళు నింపేవాడు. నీళ్ళు తగ్గిన రోజుల్లో జనంతో కలిసి ఏరు దాటి మళ్ళీ తిరిగొచ్చేవాడు.

మంగతాయారుకు గుండెలో నొప్పి మొదలైంది. తన తర్వాత వీడి గతేమిటన్న బెంగతో కలెక్టరాఫీసులో అర్జీ పెట్టింది, తమ్ముడికి తనను చట్టప్రకారం సంరక్షకురాలిగా నియమించమని. ఆ కాయితం చేతికొస్తే పట్నంలో ఒక ఆశ్రమంలో అతన్ని చేర్పించొచ్చు. గోడ ఉంటుంది, గేటుకు తాళం ఉంటుంది, మూడు పూటలా అన్నం ఉంటుంది. మర్నాడు కమిటీ ముందుకు రమ్మని కబురొచ్చింది. లంక భూముల పట్టాల కోసం పదకొండేళ్ళు ఆఫీసుల మెట్లెక్కినవాణ్ణి కాబట్టి నన్ను తోడు రమ్మంది.

సాయంత్రం పాక ముందు కూర్చుని అడిగింది. "గురువుగారూ, ఆ కాయితం వస్తే వాడి తరపున అన్నీ నేనే చెప్పొచ్చంటండి. ఎక్కడుండాలి, ఏం తినాలి, ఎవరితో ఉండాలి, అన్నీ. నాకెందుకో గుబులుగా ఉందండి. అన్నీ అంటే, ఎంతవరకండీ?"

గురువుగారు గెడకర్ర మీది ఇసక దులుపుకుంటూ అన్నారు. "రేపు అవతలికి పనుంది కదా నీకు. నేనూ వస్తాను."

నీళ్ళు తగ్గాక మా పాయలో పడవ నడవదు. నడిచే దాటాలి. కాని ఇసక ఒకచోట ఉండదు. నిన్న మెట్ట ఉన్నచోట ఇవాళ గుంత ఉంటుంది. అందుకని మా రేవుకొక కట్టుబాటు ఉంది. గెడ పట్టుకున్నవాడు ముందు నడుస్తాడు. వెనక వరసలో ఉన్న ప్రతి మనిషీ నాలుగడుగులకోసారి తనకు నీళ్ళు ఎందాకా వచ్చాయో గట్టిగా చెప్పాలి. పిక్క, మోకాలు, తొడ. ఎవరైనా నడుం అన్నారంటే వరసంతా ఆగిపోతుంది. మంచు కాలంలో ఒకరికొకరం కనపడం. ఆ గొంతులే మాకు కళ్ళు.

ఆ పొద్దున మేం ఐదుగురం. ముందు గురువుగారు, తర్వాత నేను, నా వెనక పాలు పోయడానికి వెళ్ళే అచ్చియ్యమ్మ, ఆ వెనక మంగతాయారు, అందరికంటే చివర తువ్వాలు కొసన గవర్రాజు. నీళ్ళలో కాలు పెట్టకముందే మంగతాయారు తమ్ముడి మణికట్టుకు తువ్వాలు ముడివేసింది. తన చెప్పులు విప్పి అతని చేతికిచ్చింది. రాత్రి నుంచీ చెబుతున్న మాటే మళ్ళీ చెప్పింది.

"ఆఫీసరు గారు ఏం అడిగినా నువ్వు మాట్లాడకు. నేను చెప్తాను. ఏదో ఒకటి వాగావంటే పని చెడిపోద్ది. తెలిసిందా?"

"ఆయ్," అన్నాడు గవర్రాజు.

"ఇప్పట్నించే అలవాటు చేసుకో. నోరు విప్పకు."

నీళ్ళలోకి దిగాం. నాలుగడుగులకు ఒడ్డు మాయమైంది. ఎనిమిది అడుగులకు నా ముందున్న గురువుగారు తెల్లని పంచెతో సహా మంచులో కలిసిపోయి, గెడకర్ర చివర మాత్రం ఆకాశంలో దానంతటదే కదులుతున్నట్టు కనిపించింది. నీళ్ళు చప్పుడు లేకుండా జారుతున్నాయి. ఎక్కడో ఒక నీటికాకి రెక్కలు విదిలించుకుంది. మేం నడుస్తున్నామో, ఏరే మా కింద నుంచి వెనక్కి నడుస్తోందో చెప్పలేను. నిద్రలో నడిచినట్టే ఉంది.

"పిక్క," అన్నారు గురువుగారు.

"మోకాలు," అన్నాను నేను.

"మోకాలు దాటిందండి. ఇంకాస్త పోతే నడుం అనాలి గాని, నా నడుం ఎక్కడుందో ముందు ఎవరన్నా చూపించాలి," అంది అచ్చియ్యమ్మ. నవ్వుకున్నాం. మంచులో నవ్వులు ఎవరివో తెలియలేదు.

"పిక్కండి. మా వాడికీ పిక్కే," అంది మంగతాయారు.

ఆ మాట అందరం విన్నాం. ఎవరికీ తప్పనిపించలేదు. అక్క కదా, తువ్వాలు పట్టుకుంది కదా, తనే చెప్పింది. మరికాస్త దూరం వెళ్ళాక, "మోకాలండి, ఇద్దరికీ," అంది. ఇంకాస్త దూరం వెళ్ళాక, "తొడండి, ఇద్దరికీ," అంది. ఆ తొడ ఎవరి తొడ? ఆ కొలత ఎవరి ఒంటిది? నా బుర్ర అప్పుడెక్కడికి పోయిందో నాకే తెలియదు. మంచు ఒక్క క్షణం పలచబడితే నేను వెనక్కి తిరిగి చూసింది అప్పుడే. మొదట మిమ్మల్ని అడిగానే, అదే చూశాను. బిగుసుకున్న తువ్వాలు, లాక్కుంటూ నడుస్తున్న అక్క. మెచ్చుకున్నాను.

గెడకర్ర ఆగింది.

"వరసలో ఒక గొంతు తక్కువైంది," అన్నారు గురువుగారు.

"అందరం ఉన్నామండి," అన్నాను నేను.

ఆయన మంచులోకి తల తిప్పి, ఒడ్డున పెద్దమనిషిని పలకరించినట్టు పలకరించారు. "గవర్రాజు గారూ, మీకెంత?"

"తొడేనండి," అంది మంగతాయారు.

"నిన్ను అడగలేదమ్మా."

ఎవరం కదల్లేదు. నీళ్ళు మా కాళ్ళ మధ్యనుంచి పోతున్నాయి. ఎంతసేపు అలా నిలబడ్డామో. అప్పుడు వినిపించింది గొంతు. మేం అనుకున్నచోటి నుంచి కాదు. తువ్వాలు కొస నుంచి కాదు. దానికి ఎంతో పక్కగా, కిందుగా, నీళ్ళకు ఆనుకుని, నెమ్మదిగా.

"గెడ్డం."

గురువుగారు నా పక్కనుంచి దాటి వెళ్ళిన వేగం ఎనభై ఏళ్ళ మనిషిది కాదు. గెడకర్ర చాపారు. నేనూ వెళ్ళాను. గుంతలో మునివేళ్ళ మీద నిలబడి, మొహం ఆకాశానికి ఎత్తి, గవర్రాజు ఉన్నాడు. రెండు చేతులూ నీళ్ళ పైకి చాచి ఉన్నాయి. ఆ చేతుల్లో అక్క చెప్పులు పొడిగా ఉన్నాయి. ముడి ఎప్పుడో ఊడిపోయింది. మంగతాయారు ఇంతసేపూ లాగింది వట్టి తువ్వాలును. తడిసిన బట్టను నీటి వడి పట్టి లాగితే అచ్చం మనిషి లాగినట్టే ఉంటుంది, మీరెప్పుడైనా పట్టుకుని చూడండి.

"పిలవచ్చు కదరా," అంది మంగతాయారు. ఆమె పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఆమె తడిసింది తొడ దాకానే.

"మాట్లాడొద్దన్నావు," అన్నాడు గవర్రాజు. తప్పు పట్టడం లేదు. సంగతి చెప్పాడు, అంతే.

అవతలి ఒడ్డున అచ్చియ్యమ్మ గడ్డి మంట వేసింది. గురువుగారు తన పొడి కండువా గవర్రాజుకు కప్పారు. అచ్చియ్యమ్మ పాలు పోయడానికి వెళ్ళింది, మేం నలుగురం బస్సెక్కాం. కిటికీ బయట కూడా మంచే. ఊళ్ళు రావడం, పోవడం, ఏదీ గట్టిగా కనిపించలేదు.

కమిటీ గదిలో ముగ్గురున్నారు. పెద్ద కుర్చీలో ఆఫీసరమ్మ, ఒక పక్కన డాక్టరు, ఇంకో పక్కన వకీలు. మంగతాయారు అర్జీ తిరగేశారు. డాక్టరు రాసిన సర్టిఫికెట్టు చూశారు. అన్నీ సరిగానే ఉన్నాయన్నారు. ఆఫీసరమ్మ అర్జీ మూసి, గవర్రాజు వైపు తిరిగి అడిగింది. "బాబూ, నువ్వు అక్క దగ్గర ఉంటావా, ఆశ్రమానికి వెళ్తావా?"

మంగతాయారు నోరు తెరిచింది. నలభై ఏళ్ళ అలవాటు మరి. తెరిచిన నోట్లో చీర కొంగు కుక్కుకుంది.

గవర్రాజు పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తున్నాడు. గోడ గడియారం టిక్కుమంటోంది. బంట్రోతు ఇంకో ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. వకీలు గారు వాచీ చూసుకున్నారు. "అమ్మా, వాళ్ళు చెప్పలేరండి. మీరే చెప్పెయ్యండి, రాసుకుంటాం," అన్నారు. మంచివారే. తొందరలో ఉన్న మంచివారు. లోకంలో ఇలాంటివాళ్ళు చేసినంత నష్టం చెడ్డవాళ్ళు కూడా చెయ్యలేదని నా అనుభవం.

మంగతాయారు కొంగు తీసి అంది. "వాడు చెప్తాడండి. మాట్లాడరా. నేనేం అనను."

మళ్ళీ గడియారం. డాక్టరు కుర్చీలో కదిలాడు. ఎండ కిటికీలోంచి బల్ల మీదికి ఎక్కి, ఫైళ్ళ మీద పాకి, గవర్రాజు మోకాళ్ళ మీదికి దిగిందంటే నమ్మండి. అతను దాన్ని చూసి అరచేతితో తుడిచాడు. తర్వాత చెప్పాడు.

"అక్క దగ్గర కాదు. రేవులో. తాడు పట్టుకోవాలి."

గదిలో ఎవరూ ఊహించని జవాబది. అక్కా కాదు, ఆశ్రమమూ కాదు. ఆఫీసరమ్మ రేవులో ఎవరుంటారని అడిగింది. గురువుగారు లేచి, తన పాక ఉందని, పక్కనే అచ్చియ్యమ్మ కొడుకుల ఇళ్ళున్నాయని, గవర్రాజు గారు లేకపోతే పడవ కట్టేవాళ్ళు లేరని చెప్పారు. ఆమె అదంతా రాయించి, కాయితం మంగతాయారు వైపు జరిపింది.

"సంరక్షకురాలు మీరేనమ్మా. మందులు, పింఛను, ఆస్పత్రి, అన్నీ మీరే చూడాలి. కాని ఆయన ఎక్కడ ఉంటానన్నారో ఇందులో రాసి ఉంది. మీరు దానికి కాపలా ఉండాలి. ఒప్పుకుంటే సంతకం పెట్టండి."

మంగతాయారు లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. మేం వెనకాలే వెళ్ళాం. స్తంభానికి ఆనుకుని ఏడుస్తోంది. మొగుడు పోయాక వచ్చిన సంబంధాలను కాదనుకుంది వీడి కోసమే. మొగుడి ఇంట్లో మాట పడింది వీడి కోసమే. నోట్లో ముద్ద పెట్టింది, ఒళ్ళు తోమింది, నలభై ఏళ్ళు.

"నన్ను వద్దన్నాడండీ," అంది.

"వద్దనలేదమ్మా," అన్నారు గురువుగారు. "చెప్పారు."

ఆమె తల అడ్డంగా ఊపింది. లోపల గదిలో గవర్రాజు ఎవరి కోసమూ చూడకుండా ఎండతో ఆడుకుంటున్నాడు. బల్ల మీద కాయితం ఫ్యాను గాలికి లేచి లేచి పడుతోంది. గురువుగారు ఆమె పక్కనే నిలబడ్డారు. చివరికి అన్నారు.

"అన్నీ అంటే ఎంతవరకని అడిగావు. ఆయన మాట విని నీకు బాధేసింది కదా, అక్కడి దాకానే. ఇప్పుడు సంతకం పెట్టొచ్చు."

పెట్టిందా లేదా అని నన్ను అడక్కండి. 'అక్క దగ్గర కాదు' అన్న మాట మీ తమ్ముడి నోటి నుంచి విన్నాక, మీరైతే కలం పట్టుకునేవారా?