బోడిదిబ్బ మీద చివరి పత్రం

సదస్సులు మనుషులే పెట్టుకుంటారనుకుంటే మీరు పొరబడ్డట్టే. జొన్న కోతలయిపోయి చేలు ఖాళీగా పడుండే చలికాలంలో, పెద్దచెరువు కట్ట కింది చింతతోపులో జంతువులు కూడా ఏటా ఒక సదస్సు పెట్టుకుంటాయి. మన సదస్సుల్లో ఉండేవన్నీ అక్కడా ఉంటాయి. తన పత్రం చదవగానే మాయమయ్యేవాళ్ళుంటారు. ప్రశ్న అడుగుతానని లేచి సొంత ఉపన్యాసం మొదలుపెట్టేవాళ్ళుంటారు. భోజనాల దగ్గర మాత్రమే కనపడేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్కటే తేడా. మన తీర్మానాలు ఏ అల్మారాలో నిద్రపోతాయో ఎవరికీ తెలియదు. వాళ్ళ తీర్మానం మాత్రం మళ్ళీ ఏడాది సదస్సు దాకా అందరికీ చట్టం.

అధ్యక్షత వహించేది ఓబన్న అనే ముసలి ఎద్దు. ఎవరేం చెప్పినా నెమరు ఆపకుండా వింటుంది, విన్నది మరిచిపోదు. ఆ ఏడు సదస్సులో 'గుంపు' అనే అంశం మీద ఒక ప్రత్యేక విభాగం ఉండాలని అది సూచించింది. గుంపులుగా బతకడం గురించి తెలిసినవాళ్ళు తెలిసింది చెప్పాలి, చివర అందరూ కలిసి ఒక తీర్మానం చెయ్యాలి.

"ఆ పని నాకొదిలెయ్ ఓబన్న మామా" అంటూ నక్క ముందుకొచ్చింది. "పత్రాలు పిలవడం, ఎవరెప్పుడు మాట్లాడాలో చూడడం, తీర్మానం రాయడం, అన్నీ నేనే చూసుకుంటా. నువ్వు హాయిగా నెమరేసుకో."

ఒంటరిగా తిరిగే నక్కకు గుంపుల మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టిందో ఎవరూ అడగలేదు. పని నెత్తికెత్తుకునేవాడు దొరికితే సభల్లో ఎవరూ ఏమీ అడగరు.

ఆ సంగతి తెలిసింది తోడేలొక్కదానికే. చెరువు వెనక నక్క దాని చెవిలో చెప్పింది. "తీర్మానం ఇదీ బావా. నాయకుడు లేని గుంపు గుంపే కాదు. అట్లాంటివాళ్ళకు ఈ ఏడాదంతా విభాగాన్ని నడిపినవాడే నాయకుడు."

"అయితే ఏంటంట?"

"కట్ట కింద ఉంటున్న గొర్రెలకు కాపరీ లేడు, నాయకుడూ లేడు. ఎటు మేతకు పోవాలో ఇక నేను చెప్తా. నువ్వు ముందే వెళ్ళి అక్కడ కూచో."

తోడేలు నోరంతా తెరిచి నవ్వింది.

పిలిచిన పత్రాలన్నీ నక్కకు కావాల్సినట్టే వచ్చాయి. ఒక్కటి తప్ప. అది చెంగమ్మ అనే గోరింకది. చెంగమ్మ నోరు తెరిస్తే మూసుకోవడం కష్టమని తోపంతా ఎరుగును. దాని పత్రం పేరు 'నాయకుడు లేని గుంపు'.

"ఇది మన అంశానికి సరిపోదు మామా" అని నక్క ఎద్దు దగ్గరికెళ్ళి మొహం చిట్లించింది.

"గుంపు గురించే కదా చెప్తానంటోంది?"

"ఆ మాట నిజమేగానీ..."

"అయితే వినాల్సిందే" అని ఎద్దు మళ్ళీ నెమరులో పడింది.

నక్క తోక ముడిచేరకం కాదు. నేరుగా వడ్రంగిపిట్ట దగ్గరికెళ్ళింది. ముక్కుతో చెట్టు కొట్టి సమయం చెప్పే పని దానిది. "చెంగమ్మ పత్రం అన్నిటికన్నా చివర పెట్టు, పొద్దుగూకేవేళ. చోటు, బోడిదిబ్బ."

"తోపులో చక్కని నీడుండగా ఆ దిబ్బెందుకు?"

"పొద్దంతా కూచుని అందరికీ నడుములు పట్టేసుంటాయి. కాస్త బయట గాలి తగలనీ."

నక్క లెక్క వేరు. దిబ్బ మీద చెట్టూ లేదు, చాటూ లేదు. చలిగాలి కొట్టేసరికి కుందేళ్ళు బొరియల్లో దూరతాయి, గొర్రెలు పిల్లల్ని తీసుకుని చీకటి పడకముందే ఇల్లు చేరతాయి. తీర్మానం పత్రాలన్నీ అయ్యాకే, అప్పటికి మిగిలినవాళ్ళతోనే. మిగిలేది తనూ, తోడేలూ, తోడేలు చుట్టాలూ. సభలు నడిపి నడిపి ఆరితేరినవాళ్ళకు కూడా ఇంత చక్కగా తట్టదు.

చెంగమ్మ మండిపడుతూ వచ్చింది. "నక్క బావా, ఇదేం న్యాయం? ఆ వేళకు నా మాట వినేదెవరు? గాలికి చెప్పుకోనా?"

"అయ్యో పిచ్చిదానా! ముగింపు పత్రమంటే ఎంత గౌరవమనుకున్నావ్? అది పెద్దవాళ్ళకిచ్చేది."

చెంగమ్మకు పొగడ్తంటే చెవి కోసుకునేంత ఇష్టం. "అవునా?" అని ఈకలు సవరించుకుంది. ఆ సాయంత్రమే చెట్టుచెట్టుకూ వెళ్ళి తనది ముగింపు పత్రమని చెప్పుకుని వచ్చింది.

సదస్సు రోజు పొద్దున తోపు నిండిపోయింది. తోడేలు మొదట లేచి, "నేను ముందు నడుస్తాను, మావాళ్ళు వెనక నడుస్తారు. ఇదే నా పత్రం" అని కూచుంది. దాని చుట్టాలు కాళ్ళు నేలకేసి కొట్టి మెచ్చుకున్నాయి. తర్వాత వచ్చినవాళ్ళూ అదే పాట పాడారు. మధ్యాహ్నానికి గొర్రెల్లో పెద్దది, ఈరమ్మ అనే నల్లగొర్రెకు గాలి ఎటు వీస్తోందో, నాయకుడు లేని తమ మంద మీదికి ఏం రాబోతోందో అర్థమైంది. పక్కన నిలబడ్డ పిల్లను కడుపుకు దగ్గరగా లాక్కుంది.

విరామంలో చెంగమ్మను పక్కకు పిలిచింది. "వదినా, మాకిక నీ పత్రమే దిక్కు. నాయకుడు లేని గుంపు నిజంగా ఉందా?"

"ఉంది వదినా. గులాబి గోరింకలని మా దూరపు చుట్టాలు. ఎప్పుడో ఒక ఏడు చలికాలంలో కొండలు దాటి ఇటు వస్తారు. చిన్నప్పుడొకసారి చూశాను." చెంగమ్మ గొంతు తగ్గింది. "ఈ ఏడు ఇంకా జాడ లేదు."

"వస్తారా?"

"రావాలి" అన్నది చెంగమ్మ. దాని నోట ఒక్క మాటతో ఆగిన జవాబు ఈరమ్మ ఎప్పుడూ వినలేదు. దానికి భయం వేసింది.

పొద్దు వాలింది. దిబ్బ మీద గాలి కోస్తోంది. కుందేళ్ళు ఒక్కొక్కటే జారుకున్నాయి. ఈరమ్మ పిల్ల వణుకుతుంటే నక్క తియ్యగా అన్నది, "పసిదానికి చలి పట్టేస్తుంది ఈరమ్మక్కా, నువ్వెళ్ళు. ఇక్కడేం జరిగిందో రేపు నేనే వచ్చి చెప్తాగా." ఈరమ్మ చెంగమ్మ వైపు ఒకసారి చూసి, తన మందతో బరువుగా దిబ్బ దిగింది.

చెంగమ్మ మొదలుపెట్టింది. చుట్టాల ఊరు, చుట్టాల నల్ల తలలు, గులాబి పొట్టలు, వాళ్ళ పెళ్ళిళ్ళు, అన్నీ చెప్పింది. చివరికి అసలు విషయానికొచ్చింది. "వేలమంది ఒక్కసారే తిరుగుతారు. ఒకరికొకరు తగలరు. ముందుండి నడిపేవాళ్ళు మాత్రం ఎవరూ ఉండరు."

తోడేలు పకపకా నవ్వింది. "ముందు ఎవరూ లేకుండా వెనక ఎలా ఉంటారే?"

"ఆధారం ఉందా చెంగమ్మా?" అని నక్క గొంతు సవరించుకుంది. "చిన్నప్పుడు చూశానంటే సభ ఒప్పుకోదు. మామా, ఈ పత్రం కొట్టేసి తీర్మానానికి వెళ్దాం."

వడ్రంగిపిట్ట సమయమైపోయిందని కొట్టింది. చెంగమ్మ ఆకాశం వైపు చూసింది. ఎర్రగా, ఖాళీగా ఉంది. ఎద్దు నెమరు ఆపి, "తీర్మానం..." అని నోరు తెరిచింది.

అప్పుడు ఆ చప్పుడు వినపడింది. ఎండు జొన్నాకు మీద వాన పడ్డట్టుంది. కానీ ఎక్కడా మబ్బు లేదు.

పడమటి కొండ మీంచి ఒక నల్లటి తెర లేచింది. చూస్తుండగానే దిబ్బ నెత్తి మీదికొచ్చింది. అవి పిట్టలు. ఎన్నని చెప్పడం? చెరువులో నీళ్ళు ఎన్నంటే ఏం చెప్తాం! గుంపు ఆకాశంలో ఈ చివర నుంచి ఆ చివరకు మెలి తిరిగింది. సన్నగా సాగింది, ఉండలా చుట్టుకుంది, విరిగి రెండయి మళ్ళీ ఒకటయింది. తిరిగిన ప్రతిసారీ ఆ గులాబి పొట్టలు సూర్యుడి వెలుగులో ఒక్కసారే మెరిశాయి. ఎక్కడినుంచో ఒక డేగ బాణంలా ఆ గుంపులోకి దూసుకొచ్చింది. గుంపు దాని చుట్టూ విచ్చుకుంది. డేగ ఖాళీ గోళ్ళతో అవతలికి తేలింది. వెనకే గుంపు మూసుకుంది. ఒక్క ఈక రాలలేదు.

ఎంత అందంగా ఉందంటే, తోడేలు కూడా ఆకలి మరిచిపోయింది. దారి మధ్యలో ఉన్న గొర్రెలు ఆగిపోయాయి. తలలెత్తి చూస్తూ, అడుగులు ఎటు పడుతున్నాయో తెలియకుండానే మళ్ళీ దిబ్బ ఎక్కాయి. బొరియల్లోంచి కుందేళ్ళ చెవులు లేచాయి.

నక్కకే ముందుగా తెలివొచ్చింది. "వీటికీ నాయకుడున్నాడు మామా! మనకు కనపడడం లేదంతే!"

"అయితే చూపించు" అన్నది ఎద్దు, కళ్ళు ఆకాశం మీంచి తిప్పకుండానే. "చూపిస్తే తీర్మానం నీది. లేకపోతే ఆ మాట మళ్ళీ ఎత్తకు."

"అదిగో, ఆ తూర్పు కొసన ఉన్నదే!" అని నక్క అరిచింది. అనేలోపు గుంపు మళ్ళింది. తూర్పు కొస తోకయింది. "కాదు కాదు, ఇదిగో, ఈ పక్కది!" ఆ పక్కది నడిమధ్యలో కలిసిపోయింది. "అదీ! కాదు, అదీ!" నక్క తల పైకెత్తి దిబ్బ చుట్టూ పరుగులు పెట్టింది. గుంపు ఎటు తిరిగితే అటు తిరిగింది. తిరిగి తిరిగి కళ్ళు బైర్లు కమ్మి, కాళ్ళు మెలేసుకుని, దిబ్బ మీంచి దొర్లి కింది ముళ్ళపొదలో పడింది. పైన వేలమంది తిరుగుతున్నారు, ఒక్కరూ పడలేదు. కింద ఒక్కటే తిరిగింది, అదే పడింది.

పిట్టలన్నీ గిరికీ కొట్టి చెరువు అవతలి తుమ్మల్లోకి, ధారగా పోసినట్టు దిగిపోయాయి. ఆకాశం మళ్ళీ ఖాళీ అయింది.

"నీ పత్రం ముగించు చెంగమ్మా" అన్నది ఎద్దు మెల్లగా.

చెంగమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఇంకేం చెప్పను మామా? నేను చెప్పింది దీన్లో నలుసంత కూడా లేదు."

"గుంపుకు నాయకుడు ఉండి తీరాలన్న మాట చెల్లదు" అని ఎద్దు తీర్మానం చెప్పింది. దిబ్బ నిండా తలలూగాయి. వాటిలో తోడేలుదీ ఉంది. ఎందుకూపిందో దానికే తెలియలేదు.

మసక చీకట్లో గొర్రెలు ఇంటిదారి పట్టాయి. ఈరమ్మ ముందు నడవలేదు, ఎవరూ నడవలేదు. ఒకదాని ఒళ్ళు ఒకదానికి వెచ్చగా తగులుతుంటే, పిల్లల్ని మధ్యలో ఉంచుకుని పోయాయి. ముళ్ళపొదలోంచి నక్క వాటిని చూస్తూనే ఉంది. పక్క నుంచి పోతున్న తోడేలు దాన్ని లేవదీయడానికి కూడా ఆగలేదు.

నీతి: నిజాన్ని చివరికి నెట్టినవాడు, చివరి మాట దానికే అప్పగించినట్టు.