దస్తగిరమ్మ చేతి మీద ఎర్రగీత

అనగనగా ఒక ఊళ్ళో, ఇళ్ళు తక్కువై నోళ్ళు ఎక్కువైన ఊళ్ళో, ఒక దూదేకుల వీధి ఉండేది. ఆ వీధిలో మౌలాలి దూది ఏకేవాడు, పెళ్ళాం దస్తగిరమ్మ పరుపులు కుట్టేది. ఇద్దరూ పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా పోట్లాడుకునేవాళ్ళు. ఒక్కరోజు ఆ పోట్లాట వినపడకపోతే పక్కింటి హుస్సేనమ్మకు అన్నం సయించేది కాదు.

ఒకరోజు మౌలాలి పని మధ్యలో గుండె పట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

అప్పుడు దస్తగిరమ్మ ఇద్దత్‌లో కూర్చుంది. ఇద్దత్ అంటే ఏమిటంటావా బంగారూ, మొగుడు పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు సింగారాలు మానేసి తన ఇంట్లోనే ఉండాలి. అది మన దీన్‌లో, అంటే మన మతంలో, ఉన్న మాట. దాని పక్కన ఊరివాళ్ళు తమ మాట ఒకటి చేర్చారు. మధ్యలో ఎందుకోసమైనా సరే, గడప దాటితే లెక్క తెగిపోతుందట. మళ్ళీ ఒకటో రోజు నుంచి కూర్చోవాలట. ఎవరు చెప్పారంటే ఎవరికీ తెలియదు. తెలియకపోయినా అందరికీ గట్టి నమ్మకం.

ఆ తర్వాత మౌలాలి అక్క చాంద్‌బీ వచ్చింది. వీధిలో ఎవరి ముసుగు ఎన్ని వేళ్ళు జారిందో ఇంట్లో కూర్చునే చెప్పగల మనిషి. ఆవిడ ఇంకో మాట చేర్చింది.

"ఏడవకు దస్తగిరీ. నువ్వు ఏడిస్తే అక్కడ వాడికి కష్టం. సబర్ పట్టు."

సబర్ అంటే ఓర్పు. దస్తగిరమ్మ సబర్ పట్టింది. ఒక్క చుక్క రాల్చలేదు. ఏడుపు గొంతు దాకా వస్తే మింగేది. మింగీ మింగీ ఇక అన్నం దిగడం మానేసింది. నిద్ర కూడా రావడం మానేసింది. చూడవచ్చినవాళ్ళు ఎంత ఓర్పో అని మెచ్చుకుని, ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు.

అలా ఎనభై తొమ్మిది రోజులు గడిచాయి. తొంభయ్యో రోజున ఆవిడ ఎవరిదో పాత పరుపు విప్పి దూది బయటికి లాగుతోంది. ఆ దూదిలో ఎప్పుడో ఎవరో మరిచిపోయిన దబ్బనం ముక్క ఉంది. తుప్పు పట్టి ఉంది. అది కసుక్కున అరచేతిలో దిగింది.

మొదటి రోజు అరచెయ్యి బూరెలా పొంగింది. అప్పుడు హుస్సేనమ్మ పసుపూ సున్నమూ కలిపి పట్టు వేసింది. వేస్తూ వేస్తూ తన చెల్లెలి తోడికోడలి మోకాలి కథ మొత్తం చెప్పింది. మోకాలి కథ అయిపోయింది గానీ చెయ్యి తగ్గలేదు.

రెండో రోజు మణికట్టు నుంచి ఒక ఎర్రగీత బయల్దేరింది. సన్నగా, ఎర్రదారం పరిచినట్టుగా. అప్పుడు చాంద్‌బీ ఎవరి చేతో దువా చదివించి ఊదించిన నీళ్ళు సీసాలో పట్టుకొచ్చింది. దస్తగిరమ్మ తాగింది. గీత ఆగలేదు.

మూడో రోజు పొద్దున్నే గీత మోచెయ్యి దగ్గరికి వచ్చేసింది. ఒళ్ళు పొయ్యిలా కాలుతోంది. పళ్ళు టకటకమంటున్నాయి.

"ఆసుపత్రికి పోదాం పద అక్కా," అంది హుస్సేనమ్మ.

"తొంభై రెండు రోజులు కూర్చుంది," అంది చాంద్‌బీ. "ఇంకో ముప్ఫై ఎనిమిది రోజులు కూర్చుంటే అయిపోతుంది. ఇప్పుడు దాటించి అంతా నీళ్ళపాలు చేస్తావా?"

"ముప్ఫై ఎనిమిది రోజులు ఆ గీత ఆగుతుందా వదినా?"

చాంద్‌బీ ఊదించిన నీళ్ళ సీసా మళ్ళీ అందుకుంది. అందులో నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి.

దస్తగిరమ్మ గోడకు ఆనుకుని తన చెయ్యి తాను చూసుకుంటోంది. గీత పైకి వస్తోంది. ఎటు వస్తోందో ఆవిడకు తెలుసు. గుండె వైపు వస్తోంది. రానీ, అనుకుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. గడప దాటకూడదు అంటే చాలు, అందరూ తలలు ఊపుతున్నారు కదా.

అప్పుడు హుస్సేనమ్మ బిందె పట్టుకుని కొళాయి దగ్గరికి పోయింది. నీళ్ళకని కాదు, నోరు ఊరుకోక. కొళాయి దగ్గర చెప్పింది, చింతపండు కొట్టు దగ్గర చెప్పింది, అడగనివాళ్ళను ఆపి మరీ చెప్పింది. మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకి ఆ మాట మసీదుకి చేరింది. అన్నేళ్ళుగా ఆ నోరు ఊళ్ళో తిరుగుతోంది గానీ, ఒకరికి మేలు చేయడం ఆ పూటే.

ఆ తర్వాత పేషిమాం గఫార్ సాహెబ్ వచ్చారు. ఊళ్ళో నమాజు చదివించేది ఆయనే. నిదానం మనిషి. ఆయన చెప్పు తొడుక్కునేలోపు పిల్లలు పెద్దవాళ్ళవుతారని వీధిలో అనుకునేవాళ్ళు. ఆ రోజు మాత్రం చెప్పులు లేకుండానే వచ్చారు. గుమ్మానికి వేలాడే పరదాకి బయట కూర్చున్నారు.

"చెయ్యి ఎలా ఉందమ్మా?"

"ఉంది సాబ్," అంది లోపలి నుంచి దస్తగిరమ్మ.

"మోచెయ్యి దాటింది సాబ్," అంది హుస్సేనమ్మ. "ఎర్రగీత. ఇప్పుడే చూశాను. నాలుగు వేళ్ళు పైకి పోయింది."

"మరి ఆటో ఏదీ?"

"ఇద్దత్ కదా సాబ్," అంది చాంద్‌బీ. "దాటితే లెక్క తెగుతుంది."

"ఏ కితాబులో ఉందమ్మా?"

"అందరూ అంటారు."

"ఆ కితాబు నా దగ్గర లేదు," అన్నారు ఆయన. "ప్రాణం మీదికి వస్తే వైద్యానికి వెళ్ళొచ్చు. వెళ్ళాలి కూడా. లెక్క ఎక్కడికీ పోదు. నయమయ్యాక ఇంటికొచ్చి మిగిలిన రోజులు కూర్చోవచ్చు."

అందరూ దస్తగిరమ్మ వైపు చూశారు. ఆవిడ లేవలేదు. దాక్కోవడానికి ఉన్న ఒక్క సాకూ పోయింది, అయినా లేవలేదు.

సాహెబ్ పరదాకి కొంచెం దగ్గరగా జరిగారు. "ఇంకేమైనా ఉందా తల్లీ?"

"ఆయన లేని ఇంట్లో ఈ చెయ్యి ఎవరి కోసం సాబ్?"

వీధి మొత్తం చెవులు రిక్కించి నిలబడి ఉంది. ఆ మాటతో చెవులు దించుకుంది.

"చెయ్యి నీదనుకుంటున్నావా?" అన్నారు సాహెబ్ మెల్లగా. "అది అల్లా నీ దగ్గర పెట్టిన అమానత్. దాచమని ఇచ్చిన సొమ్ము. ఆయన అడిగిననాడు ఇస్తాం. అడగకముందే పాడుచేసి ఇవ్వడానికి మనమెవరం? ఒక మాట చెప్పు. ఈ మూడు నెలల్లో ఏడ్చావా?"

"లేదు సాబ్. సబర్ పట్టాను."

"గుండెలు బాదుకోవద్దన్నారు, బట్టలు చింపుకోవద్దన్నారు. కన్నీళ్ళు వద్దనలేదమ్మా. తన పసిబిడ్డ పోయినప్పుడు ప్రవక్త, సల్లల్లాహు అలైహి వసల్లం, ఆయనే కన్నీళ్ళు పెట్టుకున్నారు. మన సబర్ ఆయన సబర్ కన్నా పెద్దదా?"

చాంద్‌బీ తల వంచుకుంది.

అప్పుడు దస్తగిరమ్మ గోడ పట్టుకుని లేచింది. ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేసింది. మూడో అడుగు గడప దగ్గర ఆగిపోయింది. ఎదురుగా వీధంతా నిలబడి ఉంది. కాలు పైకి లేవడం లేదు. గీత భుజానికి జానెడు దూరంలో ఉంది.

చాంద్‌బీ తన బురఖా విప్పి ఆవిడ మీద కప్పింది. వీధిలో ఎవ్వరూ ఎప్పుడూ చూడని చాంద్‌బీ జుట్టు, చీర కొంగు కిందనుంచి సగం తెల్లగా కనపడింది.

"నడువు," అంది. "తమ్ముడు పోయాడు. నువ్వూ పోతే ఇంక నేను ఎవరి మీద అరవను?"

దస్తగిరమ్మ గడప దాటింది. నేల చీలలేదు. ఆకాశం కూలలేదు. కొందరికి కొంచెం నిరాశ కలిగింది.

ఆ తర్వాత ఆటో పట్నం ఆసుపత్రికి పోయింది. డాక్టరమ్మ చెయ్యి చూసింది, ముఖం మార్చింది. "ఇక్కడే ఉండాలి. నాలుగైదు రోజులు. ఇంకో పూట ఆగి ఉంటే నేను చేసేదేమీ ఉండేది కాదు," అంది.

ఇంట్లో కాకుండా, వేరేచోట, నాలుగైదు రాత్రులు. చాంద్‌బీ దస్తగిరమ్మ వైపు చూసింది. దస్తగిరమ్మ చాంద్‌బీ వైపు చూసింది. అడగడానికి పక్కన సాహెబ్ లేరు. తల ఊపడానికి వీధి లేదు. నర్సు కాగితం పట్టుకుని నిలబడి ఉంది. వెనకాల ఇంకో రోగి దగ్గుతున్నాడు.

దస్తగిరమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచింది.

"మంచం ఎక్కడ?" అంది.

అప్పుడు నర్సు ఒక చేత్తో సూది సిద్ధం చేసుకుంటూ, ఇంకో చేత్తో కాగితం నింపుతూ అడిగింది.

"పేరు?"

"దస్తగిరమ్మ."

"వయసు?"

"యాభై రెండు."

"భర్త పేరు?"

తొంభై రెండు రోజులుగా ఆవిడ ముందు ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. ఎత్తితే ఏడుస్తుందని. పెళ్ళయిన నాటి నుంచి ఆవిడ కూడా ఎప్పుడూ ఎత్తలేదు, మొగుడి పేరు చెప్పకూడదని.

"మౌలాలి," అంది.

అంతే. లోపల ఎక్కడిదో ఒక అడ్డు జరిగిపోయింది. మంచం పట్టె పట్టుకుని భోరుమంది. పక్కన చాంద్‌బీ, సబర్ గురించి వీధి వీధంతటికీ చెప్పిన చాంద్‌బీ, "వాడు చిన్నప్పుడు కూడా చెప్పకుండానే పోయేవాడే," అంటూ ఆవిడకంటే గట్టిగా ఏడ్చింది.

నర్సు సూది పట్టుకుని కంగారుపడింది.

"ఇంకా పొడవనే లేదమ్మా," అంది.

కథ నడిచె కంచికి, మనమొచ్చాం మంచానికి.
ఏడుపొస్తే ఏడ్చెయ్యి, నొప్పి ఉంటే చెప్పెయ్యి.
దుప్పటి కప్పెయ్యి, బిస్మిల్లా అనెయ్యి,
బంగారు కళ్ళు రెండూ మెల్లగా మూసెయ్యి.