గురక పందెం

వేసవికి వీధిబడి మూసేశారు. పెద్దవాళ్లు కూలికి పోతే, ఊళ్లో పిల్లలందరినీ ఆడించే పని ముంజలమ్మే ముసలి నూకాలమ్మ మీద పడింది. మధ్యాహ్నం నీడ ఉండేది దివాను జగ్గరాజుగారి మేడ పక్కనే. పిల్లలు అక్కడే తాటికాయల బండ్లు దొర్లించేవారు.

"రేపు నా నిద్ర చెడిందా, మీ ఇళ్లు పీకిస్తా!" అని దివాను గర్జించాడు.

మర్నాడు పడుకుంటే చిన్న చప్పుడైనా లేదు. అనుమానమొచ్చి కిటికీ తెరిచాడు. కింద పిల్లలంతా నోటిమీద వేలేసుకుని, చెవులు రిక్కించి కూర్చున్నారు.

"ఏమిటే ఇది?"

"పందెం దొరా," అంది నూకాలమ్మ వినయంగా. "తమరి గురక ముందు విన్నవాడికి ముంజలు. అచ్చం అలాగే గురకపెట్టి చూపిస్తే ఇంకో రెండు. గోల చేస్తే వినపడదని ఒక్కడూ నోరు మెదపడం లేదు."

దివాను కిటికీ మూసి పడుకున్నాడు. కన్ను మూతపడబోయినప్పుడల్లా కింద కాచుకున్న చెవులు గుర్తొచ్చి ఉలిక్కిపడి లేచాడు. చివరికి తలుపు తీసుకుని బయటికొచ్చాడు.

"ఒసే, ఆ బండ్లు దొర్లించుకోమనవే! రోజూ దొర్లించుకోమను!"

బండ్లు గడగడలాడాయి. పిల్లలు కేకలు పెట్టారు. ఆ గోల చాటున దివానుగారు హాయిగా గుర్రుపెట్టారు.

అది విన్నది నూకాలమ్మ ఒక్కతే. పందెం ముంజలు ఒలుచుకుని తనే తినేసింది.