శోభనాద్రి మేస్త్రి కట్టిన బడి

ఇప్పచెట్లు దట్టంగా పెరిగిన ఓ కొండవాలులో, వాగుకి ఇవతల, ఒక చిన్న అడవి. అన్ని ఊళ్ళలో ఉన్నట్టే అక్కడా అందరూ ఉన్నారు. మాటకారులున్నారు, మొండివాళ్ళున్నారు, నిద్రమొహాలున్నారు, ఎవరేమన్నా తలూపేవాళ్ళు మరీ ఎక్కువగా ఉన్నారు. లేనిదల్లా ఒక్క బడి.

బడి లేకపోతే మనకేం తక్కువైందని చాలాకాలం అనుకున్నారు. ఇంతలో మనుషులు వచ్చి అడవి అంచున బోర్డులు పాతడం మొదలుపెట్టారు. ఒక బోర్డు మీద నీళ్ళ తొట్టి అని ఉంటుంది. ఇంకో బోర్డు మీద కరెంటు కంచె అని ఉంటుంది. చదవడం రానివాళ్ళకి రెండూ ఒకటే కదా! పాపం, అడవిపంది పుల్లన్న దాహమేసి, అదిగో బోర్డు, అక్కడే నీళ్ళు అనుకుని సంబరంగా పరుగెత్తి కంచెకి తగిలాడు. ప్రాణం దక్కింది గానీ, ఇప్పటికీ వెనక కాలు ఈడ్చుకుంటూనే నడుస్తాడు. ఆ కాలు చూశాక అడవంతా ఒక్క మాట మీదికొచ్చింది. మనకెలాగూ రాలేదు, పిల్లలకైనా నాలుగక్షరాలు రావాలి.

వాగు అవతలి నుంచి తాబేలు తాయారమ్మని బతిమాలి పంతులమ్మగా తెచ్చుకున్నారు. బడి కట్టే పని నక్క శోభనాద్రికి అప్పజెప్పారు. అడవికంతా మేస్త్రి అతనొక్కడే మరి.

శోభనాద్రి ముందుగా వెళ్ళింది బడి కట్టే చోటుకి కాదు, అడవి పెద్ద ఎలుగుబంటి జాంబయ్య దగ్గరికి.

"అయ్యగారూ, చూసినవాళ్ళు ఇది బడా, కోటా అని నోరెళ్ళబెట్టాలి. దారి పక్కన ఇంతెత్తు ముఖద్వారం. దాని నెత్తిన తమరి బొమ్మ."

"నా బొమ్మ ఎందుకయ్యా?" అన్నాడు జాంబయ్య. అని, కాసేపాగి, "నిలబడినట్టా, కూర్చున్నట్టా?" అని అడిగాడు.

"తమరెలా సెలవిస్తే అలా!"

అంతే, పని మొదలైంది. మంచి రాయంతా ముఖద్వారానికి, బొమ్మకి పోయింది. వసారాకి రాయి మిగల్లేదు, కాబట్టి వసారా లేదు. పైకప్పుకి, పాడుబడ్డ షెడ్డు నుంచి ఇనప రేకులు ఈడ్చుకొచ్చి కప్పాడు. నల్లబల్ల కోసం నున్నటి నల్లరాయి తెచ్చి, అద్దంలా మెరిసేదాకా రుద్దాడు. కిటికీలు మాత్రం పడమటి గోడకి, అదీ కప్పుకి ఆనుకుని పెట్టాడు.

ముళ్ళపంది పైడమ్మ ఆ దారిన పోతూ ఆగింది. ఆవిడ ముళ్ళకన్నా మాట పదును.

"ఏం బావా, కిటికీలు తీసుకెళ్ళి ఆకాశంలో పెట్టావు? పిల్లలకా, గబ్బిలాలకా?"

"బయట కనిపిస్తుంటే పిల్లల చూపు పాఠం మీద నిలవదమ్మా, పైడమ్మా."

"మరి గాలో?"

"గాలి కోసమైతే చెట్టు కింద కూర్చోవచ్చు. బడికి వచ్చేది చదువు కోసం!"

తలూపేవాళ్ళంతా తలూపారు. పైడమ్మకి ఏదో తేడాగా తోచింది గానీ, మేస్త్రి కాదు కదా, ఇంక మాట్లాడలేదు.

బడి తెరిచారు. పిల్లలంతా గంతులేస్తూ వచ్చారు. కుందేళ్ళు, ఉడతలు, దుప్పి పిల్లలు, నెమలి పిల్లలు, పైడమ్మ కూతురు సూదమ్మ. కొన్నాళ్ళు బాగానే జరిగింది. ఎండలు ముదిరేసరికి మధ్యాహ్నానికి సగం మంది కనిపించడం మానేశారు. ఇంకొన్నాళ్ళకి మధ్యాహ్నమైతే గదిలో తాయారమ్మ ఒక్కతే మిగిలేది. ఆవిడకి నెమ్మదెక్కువ కాబట్టి, పిల్లలు దారిలో ఉన్నారేమోనని సాయంత్రం దాకా ఎదురుచూసేది.

విషయం పంచాయితీకి వచ్చింది. శోభనాద్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కట్టడానికి వంక పెట్టే మొనగాడుంటే రమ్మనండి అయ్యగారూ! నా గదిలో కూర్చున్నవాడికి లేవాలనిపించదు. బల్ల మీద చీమంత అక్షరం రాసినా వెనక వరసకి కనపడుతుంది. మన పిల్లలకే చదువు ఒంటికి పడదు."

జాంబయ్య గొంతు సవరించుకున్నాడు. "అవతలి జింకల గూడెం వాళ్ళు పంతులమ్మని ఇమ్మని ఎప్పటినుంచో అడుగుతున్నారు. తొలకరి పడేలోగా మన బడి నిండకపోతే తాయారమ్మని వాళ్ళకి ఇచ్చేస్తాను. శోభనాద్రి అక్కడ కూడా ఇలాంటి బడే కట్టిపెడతానంటున్నాడు."

పుల్లన్న కుంటుకుంటూ లేచి వెళ్ళిపోయాడు. పైడమ్మ ఆ కాలు వంకే చూస్తూ కూర్చుంది. రేపు సూదమ్మ ఏ బోర్డు వైపు పరుగెత్తుతుందో!

మర్నాడు మధ్యాహ్నం సూదమ్మ బడి వైపు బయల్దేరితే, పైడమ్మ పొదల చాటున వెంట వెళ్ళింది. పిల్ల బడి ముందు దాకా వెళ్ళింది, గభాల్న పక్కకి తిరిగింది, రాళ్ళ గుట్ట ఎక్కింది, ఒక పెద్ద బండ కింద మాయమైంది. పైడమ్మ ఈత బరికొకటి విరుచుకుని, వీపు వాయించేద్దామని లోపలికి దూరింది.

దూరింది, ఆగిపోయింది.

ఎంత చిత్రం! బయట నిప్పులు చెరుగుతుంటే లోపల హాయిగా ఉంది. అటొక ద్వారం, ఇటొక ద్వారం, మధ్యలో గాలి తీరిగ్గా నడిచిపోతోంది. గోడ వెంబడి కూర్చోవడానికి చిన్న అరుగు. అరుగు మీద కూర్చుంటే కంటికి సూటిగా వాగు, చెట్లు. ఎండ లోపలికి రాదు, వెలుగు మాత్రం వస్తుంది. పిల్లలంతా నేల మీద ఇసక పోసుకుని గుండ్రంగా కూర్చున్నారు.

"బడి ఎగ్గొట్టి ఇక్కడ ఆటలా?"

"ఆటలు కాదమ్మా, పొద్దున చెప్పినవి దిద్దుకుంటున్నాం," అంది సూదమ్మ. "అక్కడ మధ్యాహ్నమైతే రేకులు కాలి తల మాడిపోతుంది. పంతులమ్మ ఒక్క మాటంటే గోడలు నాలుగంటాయి. ఆవిడ ఏది చెప్పిందో, గోడ ఏది చెప్పిందో తెలీదు. బల్ల మీద ఎండ పడి కళ్ళు జిగేల్‌మంటాయి."

"మరి ఆ సంగతి పెద్దవాళ్ళకి చెప్పరే?"

"చెప్పాం. చదువంటే కష్టపడాలన్నారు."

పైడమ్మ ఈత బరిక కింద పడేసింది. "సరేగానీ, ఇదెవరి ఇల్లు?"

పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కుందేలు పిల్ల నసిగింది. "మేస్త్రి మామది. పగలు ఉండడుగా, అందుకని..."

పైడమ్మకి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత ముళ్ళన్నీ నిక్కబొడుచుకునేంత కోపమొచ్చింది. కోపాన్ని మడిచి లోపల పెట్టుకుని, నవ్వునే మొహాన ఉంచుకుని నేరుగా బడికి వెళ్ళింది. శోభనాద్రి నిచ్చెనెక్కి జాంబయ్య బొమ్మ ముక్కుకి రంగు వేస్తున్నాడు.

"బావా, పంచాయితీలో ఎంత బాగా చెప్పావు! అయితే ఒక్క లోటు. ఇంత మంచి గదిలో జాంబయ్య తాత ఒక్కసారైనా కూర్చోలేదు. రేపు ఆయన్ని పిలిచి, నువ్వు పక్కన కూర్చుని, ఓ పాఠం వినిపించావనుకో. జింకల గూడెమేం ఖర్మ, అన్ని గూడేలూ నీ గుమ్మం ముందే ఉంటాయి."

శోభనాద్రి రంగు కుంచె చెవి వెనక పెట్టుకున్నాడు. "మంచి మాటే. పొద్దున్నే పిలుద్దామా?"

"పొద్దున ఆయన లేవడుగా. భోంచేసి రమ్మందాం."

పొగడ్త చెవిన పడ్డాక ఎండ సంగతి ఎవరికి గుర్తుంటుంది? సరేనన్నాడు. పైడమ్మ వెళ్తూ వెళ్తూ తాయారమ్మ చెవిలో అంది, "రేపు పాఠం మొదలుపెట్టడానికి తొందరపడకు పంతులమ్మా."

"నేనెప్పుడు తొందరపడ్డాను గనక!" అంది తాయారమ్మ.

మర్నాడు మధ్యాహ్నం అడవంతా గుమ్మం దగ్గర మూగింది. జాంబయ్య ఒంటినిండా బొచ్చుతో వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. పక్కనే శోభనాద్రి. కాసేపటికే రేకులు కాగాయి.

"ఏమయ్యా, ఉడికిపోతున్నట్టుందే?" అన్నాడు జాంబయ్య.

"చదువు వేడండీ అది. జ్ఞానం అలాగే ఎక్కుతుంది."

"నీ నాలుక బయటికొచ్చిందేం?"

"తమరిని పొగుడుదామని సిద్ధంగా పెట్టుకున్నానండీ."

గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. అది నాలుగు కిసుక్కులై గోడల్లో తిరిగింది. పొద్దు వాలింది. పై కిటికీల్లోంచి ఎండ సూటిగా వచ్చి మెరుగుపెట్టిన నల్లరాయి మీద పడింది. జాంబయ్య కళ్ళు చికిలించాడు, తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"నాకేమీ ఆనడం లేదు. వయసు మీద పడిందేమో. శోభనాద్రీ, నీకు కనపడుతోందా?"

కనపడ్డం లేదంటే కట్టడానికి వంక. శోభనాద్రి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, అయినా ఛాతీ విరిచాడు. "ఎందుకు కనపడదండీ! అక్షరం అక్షరం ముత్యాల్లా ఉన్నాయి. పంతులమ్మ దస్తూరీ అంటే దస్తూరీ!"

ఆ వెలుగు వెనక నుంచి తాయారమ్మ గొంతు నిదానంగా వినిపించింది. "నేనింకా సుద్దముక్క దగ్గరికే చేరలేదు నాయనా."

నవ్వు! అడవంతా నవ్వింది, గోడలు ఇంకా ఎక్కువ నవ్వాయి. జాంబయ్య మాత్రం నవ్వలేదు. చెమటలు కక్కుకుంటూ లేచి బయటపడ్డాడు.

శోభనాద్రి వెంటపడ్డాడు. "అయ్యగారూ, తప్పు కట్టడానిది కాదు, కొండది! ఈ ఎండకి ఈ కొండ మీద చల్లటి గది ఎవరి వల్లా కాదండీ!"

"ఎవరి వల్లా కాదా?" అంది పైడమ్మ. "అయితే నాతో ఒకసారి రా తాతా. రెండడుగులే."

గుట్ట దారి పట్టేసరికి శోభనాద్రి మొహం మారింది. "అటొద్దండీ! అటు ముళ్ళు, పురుగూ పుట్రా..."

"ముళ్ళు నా దగ్గర లేవా? పద!"

అందరూ వెంట రాగా జాంబయ్య బండ కిందికి వంగి లోపలికెళ్ళి అరుగు మీద కూలబడ్డాడు. గాలి వచ్చి ఆయన బొచ్చుని దువ్వింది. "అబ్బా!" అన్నాడు. అంతే, గురక మొదలైంది. పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వుకున్నారు. ఓ కునుకు తీసి లేచి అడిగాడు. "ఎవరిదిది? ఈ గాలి దారి, ఈ అరుగు ఎవరి పని?"

సూదమ్మ అంది, "మేస్త్రి మామ కట్టుకున్నాడు తాతా."

జాంబయ్య మెల్లిగా శోభనాద్రి వైపు తిరిగాడు. "అంటే, నీకు కట్టడం వచ్చన్నమాట."

శోభనాద్రి తడబడ్డాడు. "వచ్చండీ, కానీ అది బడి, ఇది ఇల్లు కదండీ. ఇక్కడ నేనుండాలి..."

అనేశాక గానీ తానేమన్నాడో అతనికే తెలియలేదు. పుల్లన్న కుంటుకుంటూ ముందుకొచ్చాడు. "పిల్లలు కూడా ఉండాలి కదయ్యా అక్కడ."

"తాయారమ్మ ఎక్కడికీ పోదు," అన్నాడు జాంబయ్య. "ఈ రోజు నుంచి బడి ఈ ఇంట్లో. శోభనాద్రీ, నువ్వు ఆ బడిలో కాపురముండు. పిల్లలకి సరిపోయేలా నువ్వు దాన్ని మార్చేదాకా అదే నీ ఇల్లు."

మొదటి పగలు గడిచేసరికి నక్క చెవులు వేలాడిపోయాయి. రెండోనాడే తట్టా గునపం పట్టుకున్నాడు. కిటికీలు కిందికి దించాడు, కుందేలు పిల్ల కూర్చుంటే బయటి చెట్లు కనపడేంత కిందికి. ఎదురు గోడకి కూడా పెట్టాడు, గాలి ఇటొచ్చి అటు పోవడానికి. రేకులు పీకేసి వెదురు వేసి, పైన గడ్డి దట్టంగా కప్పాడు. నల్లరాయిని గరుకు చేశాడు. వసారాకి రాయి కావాలి. ఎక్కడుంది? ముఖద్వారంలో ఉంది. బెరుకుగా జాంబయ్యని అడిగాడు.

"నా బొమ్మ దించుతావా?" అన్నాడు జాంబయ్య, కాస్త నొచ్చుకుంటూ.

"తప్పదండీ. వసారా లేకపోతే ఎండ కొడుతోంది."

"ఎవరికి?"

"నాకేనండీ."

బొమ్మ దిగింది, వసారా లేచింది. తొలకరికి ముందే అంతా పూర్తయింది. శోభనాద్రి వసారాలో కాళ్ళు చాపుకుని పడుకుని, వాగు గాలి తగులుతుంటే ఇలా అనుకున్నాడు, ‘ఆ గుహకన్నా ఇదే హాయి. ఇక్కడే ఉండిపోతాను.’

సరిగ్గా అప్పుడే గంట గణగణ మోగింది. పిల్లలు గుంపుగా లోపలికి దూసుకొచ్చారు.

"మామా, లే, లే! ఇది మా చోటు!"

"ఒక్క నాలుగు రోజులు ఉండనివ్వండర్రా, ఎంత చెమటోడ్చి కట్టాననుకున్నారు!"

"అందుకే కదా ఇంత బాగుంది!" అంది పైడమ్మ గుమ్మంలోంచి. "లే బావా, పాఠానికి వేళయింది."

నక్క గోనెసంచీ భుజాన వేసుకుని, తోక ఈడ్చుకుంటూ గుట్టెక్కి తన ఇంటికెళ్ళాడు. లోపలికెళ్ళి చూస్తే గోడల నిండా బొగ్గు రాతలు! చూరు దాకా రాసిపెట్టారు పిల్లలు. తన గురించే ఏదో రాసుంటారని అనుమానమొచ్చింది. ఒక్క అక్షరం అర్థం కాదు. తిరిగి పరుగున కిందికొచ్చి, బడి కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు.

"సూదమ్మా, మా అమ్మా, నా గోడ మీద ఏం రాశారే?"

సూదమ్మ జరిగి, పక్కన కాస్త చోటిచ్చింది. "లోపలికొచ్చి కూర్చో మామా. నువ్వే చదువుకుందువు గానీ."

నీతి: పిల్లల కోసం గది కట్టేవాళ్ళు ముందు ఆ గదిలో తామే ఉంటామనుకుని కట్టాలి.